పాత కారులో పెట్రోలు వాసన: ముక్కుకు తెలిసేది పీయూసీకి తెలియదు

సూరత్ నగరానికి ఆగ్నేయాన ఉన్న డిండోలిలో ఇళ్లు ఇరుకు. రో హౌస్ అయితే వీధికీ ముందు గదికీ మధ్య ఒక కారు పట్టేంత జాగా ఉంటుంది. అపార్ట్‌మెంట్ అయితే కింద స్తంభాల మధ్య పార్కింగ్, పైన కాపురాలు. పక్కనున్న లింబాయత్‌లో లాగే ఇక్కడా తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. పెళ్లిళ్ల కాలంలో, వేసవి సెలవుల్లో ధూలే మీదుగా సొంతూరికి బయల్దేరాలంటే చాలామందికి దిక్కు ఇంటి ముందున్న ఆ పాత కారే.

ఆ కారు గురించి మెకానిక్ దగ్గర తరచూ వినిపించే ఫిర్యాదులు రెండు. ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని గాలి కొడుతోందన్నది ఒకటి. కారులో కూర్చోగానే పెట్రోలు వాసన వస్తోందన్నది ఇంకొకటి. రెండింటికీ దొరికే జవాబు మాత్రం ఒక్కటే: ‘పాత బండి కదా అన్నా, ఉంటది.’

ఈ జవాబు సగమే నిజం. బుసకు సంబంధించినంత వరకు చాలాసార్లు అది సరైనదే. వాసనకు మాత్రం కాదు. బుస కొట్టే ట్యాంకు పూర్తి ఆరోగ్యంగా ఉండవచ్చు. రోజూ వాసన కొట్టే కారులో మాత్రం పెట్రోలో, దాని ఆవిరో ఎక్కడో బయటపడుతోంది. ఈ తేడా తెలియకపోవడం వల్లే బాగున్న మూతలకు రంధ్రాలు పడుతున్నాయి, పగిలిన గొట్టాలేమో అలాగే మిగిలిపోతున్నాయి. ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఈ తేడాను పట్టుకోవాల్సిన కాలుష్య పరీక్ష అసలు ఆ వైపే చూడదు.

ముందు బుస సంగతి. పెట్రోలు ఒకే పదార్థం కాదు, వందలాది హైడ్రోకార్బన్ల మిశ్రమం. వాటిలో తేలికైనవి మామూలు ఎండకే ఆవిరైపోతాయి. ఆల్టో లాంటి చిన్న కారు ట్యాంకు 35 లీటర్లది. అందులో 5 లీటర్ల పెట్రోలు మాత్రమే ఉందనుకుందాం. మిగిలిన 30 లీటర్ల జాగా ఖాళీ కాదు, అక్కడ గాలీ పెట్రోలు ఆవిరీ కలిసి ఉంటాయి. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న ట్యాంకు మధ్యాహ్నానికి 40 డిగ్రీలకు చేరితే లోపలి గాలి కొంచెమే వ్యాకోచిస్తుంది, సుమారు 5 శాతం. అసలు తేడా ఆవిరిలో వస్తుంది. ఆ 15 డిగ్రీల్లో పెట్రోలు ఆవిరి పీడనం ఒకటిన్నర రెట్లు దాటి పెరుగుతుంది. ట్యాంకును పూర్తిగా బిగించి ఉంచితే లోపలి పీడనం బయటి వాతావరణం కన్నా దాదాపు నాలుగో వంతు ఎక్కువ అవుతుంది. ఇది మోటు లెక్కే, అయినా సంగతి తెలియడానికి చాలు. పది సెంటీమీటర్ల చదరం ఉన్న రేకు ముక్క మీద పాతిక కిలోలకు పైగా బరువు పెట్టినట్టు లెక్క. పలుచని ట్యాంకు రేకు ఆ ఒత్తిడిని రోజూ మోయలేదు.

రాత్రికి సంగతి తిరగబడుతుంది. ట్యాంకు చల్లబడితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది, లోపల పీడనం పడిపోతుంది. కారు నడుస్తున్నప్పుడు కూడా అంతే, పంపు పెట్రోలును లాగుతున్న కొద్దీ ఖాళీ అయిన జాగాలోకి ఎక్కడి నుంచో గాలి రావాలి. కాబట్టి ట్యాంకు ఊపిరి తీసుకోవాల్సిందే. పగలు వదలాలి, రాత్రీ ప్రయాణంలోనూ పీల్చాలి. పాత తరం కార్లలో ఈ ఊపిరి నేరుగా మూతలోని చిన్న రంధ్రం గుండా బయటికే పోయేది. తర్వాతి కార్లలో అది ఒక డబ్బా గుండా పోతుంది. అందులో ఉత్తేజిత బొగ్గు గుళికలు ఉంటాయి. బొగ్గుకు లెక్కలేనన్ని సూక్ష్మరంధ్రాలు ఉండడంతో పెట్రోలు ఆవిరి వాటికి అంటుకుపోతుంది, శుభ్రమైన గాలి మాత్రం బయటికి పోతుంది. ఇంజన్ వేడెక్కి పరుగు అందుకున్నాక పర్జ్ వాల్వ్ అనే చిన్న విద్యుత్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంజన్ లాగే గాలి బొగ్గు గుండా పోయి, అంటుకున్న ఆవిరిని వెంటబెట్టుకెళ్లి సిలిండర్లలో మండిస్తుంది. బొగ్గు మళ్లీ ఖాళీ అవుతుంది. వంటింటి చిమ్నీకి పెట్టే జల్లెడను రోజూ ఎవరో దులిపిపెట్టినట్టన్నమాట.

చాలా కార్లలో ట్యాంకుకూ ఈ డబ్బాకూ మధ్య ఇరువైపులా తెరుచుకునే చిన్న వాల్వ్ ఒకటి ఉంటుంది. ట్యాంకులో కాస్త పీడనం చేరేదాకా అది తెరుచుకోదు. అనవసరంగా ఆవిరి పుట్టకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. అందుకే ఎండలో నిలిపిన కారు మూత తిప్పితే ఒకటి రెండు సెకన్ల పాటు బుసమనడం సహజం, తయారీదారుడు కోరుకున్నదే. దాన్ని రోగంగా చూసి మూతకు రంధ్రం పెట్టించడం ఆరోగ్యంగా ఉన్నవాడికి ఆపరేషన్ చేయించడం లాంటిది.

మరి బుస ఎప్పుడు రోగం అవుతుంది? ముందుగా గాలి ఏ దిశలో పోతోందో చూడాలి. ఈ చిన్న పని చాలా షెడ్లలో ఎవరూ చేయరు. ఇంజన్ ఆపి, ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని, మూత అంచున పలుచని కాగితం ముక్క పట్టుకుని నెమ్మదిగా తిప్పితే చాలు. కాగితం బయటికి ఎగిరితే ట్యాంకులో పీడనం ఉంది. లోపలికి లాక్కుపోతే శూన్యం ఉంది. రెండూ చెవికి ఒకేలా వినిపిస్తాయి, కారణాలు మాత్రం పూర్తిగా వేరు.

లోపలికి లాగడం బలంగా ఉందంటే ట్యాంకుకు గాలి అందడం లేదు. బొగ్గు డబ్బా గాలి పీల్చే దారి దుమ్ముతోనో, బురదతోనో మూసుకుపోయి ఉంటుంది. కందిరీగలు గూడు పెట్టిన దాఖలాలూ ఉంటాయి. నూలుపోగుల ధూళి గాలిలో తేలే మరమగ్గాల వాడల్లో సన్నని దారి ఏదైనా పూడిపోవడానికి ఎక్కువ కాలం పట్టదు. ఇలాంటి కారు బయల్దేరినప్పుడు బాగానే ఉంటుంది. అరగంట పోయాక ఎత్తెక్కేటప్పుడు తడబడుతుంది. మూత తీసి పెట్టగానే మళ్లీ బాగుపడుతుంది. మూత తీస్తే బాగుపడింది కాబట్టి తప్పు మూతదేనని తీర్మానించి దానికి రంధ్రం కొట్టే అలవాటు ఇక్కడి నుంచే వచ్చింది. పాత తరం కార్ల మూతల్లో నిజంగానే రంధ్రం ఉండేది కాబట్టి, ఆ తరం మెకానిక్‌ల చేతికి అది తెలిసిన వైద్యం. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, కారు మారిందని వాళ్లకు చెప్పినవారే లేరు.

బయటికి కొట్టే గాలి ఐదారు సెకన్లు దాటినా ఆగకపోయినా, చల్లని ఉదయం కూడా అలాగే ఉన్నా, అప్పుడు అనుమానించాలి. పర్జ్ వాల్వ్ మూసుకుపోయి బొగ్గు ఎన్నడూ ఖాళీ కాకపోవడం ఒక కారణం. డబ్బాకు వెళ్లే గొట్టం నలిగిపోవడం మరొకటి. పర్జ్ వాల్వ్ మూసుకోకుండా తెరిచే ఉండిపోయే సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు కారు ఐడిల్‌లో ఊగిసలాడుతుంది. ముఖ్యంగా బంకులో పెట్రోలు కొట్టించుకున్న వెంటనే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, ఎందుకంటే ట్యాంకు నింపినప్పుడు పుట్టిన ఆవిరంతా ఒక్కసారిగా ఇంజన్‌లోకి పోతోంది. పెట్రోలు కొట్టించగానే మొరాయించే కారును చూసి బంకు వాడు కల్తీ చేశాడని తిట్టేవాళ్లు చాలామంది. ఆ తిట్లలో కొన్ని ఈ వాల్వుకు చెందాల్సినవి.

ఇక వాసన. ఇక్కడ మొదటి ప్రశ్న ‘ఎక్కడ’ అన్నది కాదు, ‘ఎప్పుడు’ అన్నది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే వచ్చి, సగానికి దిగాక మాయమయ్యే వాసన ట్యాంకు పైభాగపు లీకును చెబుతుంది. వెనక సీటు కింద ఉండే పెట్రోలు పంపు మూత రబ్బరు రింగు, లేదా పెట్రోలు పోసే గొట్టాన్ని ట్యాంకుకు కలిపే రబ్బరు ముక్క దీనికి కారణం కావచ్చు. ఇటీవలే పంపు మార్పించిన కారులో ఈ వాసన మొదలైతే మొదట చూడాల్సింది ఆ రింగునే. పాత రింగునే తిరిగి వేయడం, కొత్త రింగు గాడిలో సరిగా కూర్చోకపోవడం రెండూ మామూలే. ఎండలో నిలిపిన కారు పక్క నుంచి నడిచినప్పుడు వచ్చే వాసన బొగ్గు డబ్బా వైపు చూపిస్తుంది. వేడి ఇంజన్ ఆపిన పది నిమిషాలకు బానెట్ దగ్గర వచ్చే వాసన ఇంజెక్టర్ల రబ్బరు రింగుల వైపు, అక్కడి గొట్టాల వైపు చూపిస్తుంది. అన్నిటికన్నా తొందరపడాల్సింది ఈ చివరిదానికే. ఇంజెక్షన్ కారులో ఆ గొట్టంలో పెట్రోలు వాతావరణ పీడనానికి రెండు మూడు రెట్ల ఒత్తిడితో ఉంటుంది, పక్కనే వేడెక్కిన పొగగొట్టం ఉంటుంది. బానెట్ కింద తడి కనిపిస్తే ఆ కారును నడిపించుకుని షెడ్డుకు తీసుకెళ్లకూడదు, మెకానిక్కే కారు దగ్గరికి రావాలి.

గుజరాత్‌లో ఈ విచారణకు ఒక స్థానిక మెలిక ఉంది. ఇక్కడి పాత పెట్రోలు కార్లలో చాలావాటికి సీఎన్‌జీ కిట్ బిగించి ఉంటుంది. అప్పుడు వాసన వస్తోందంటే ఏ వాసన అన్నది మొదట తేల్చుకోవాలి. సీఎన్‌జీకి సొంత వాసన లేదు, లీకు తెలియడానికి గంధకపు వాసన కలుపుతారు. అది వంటగ్యాస్‌ను గుర్తుకు తెచ్చే ఘాటు కంపు. పెట్రోలుది కాస్త తియ్యగా తలకెక్కే వాసన. ముక్కు చెప్పే ఈ తేడా కారు చేసే పనిలో మరింత పెద్దది. సీఎన్‌జీలో ప్రధానంగా ఉండే మీథేన్ గాలి కన్నా తేలిక, సందు దొరికితే పైకి పోతుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, నేల మీద పాకుతుంది. ఇంకో సంగతి, సీఎన్‌జీ మీద నడిచే కారులో పెట్రోలు నాలుగైదు లీటర్లే ఉంచుకుని నెలల తరబడి వదిలేస్తారు. ట్యాంకులో పెట్రోలు తక్కువైతే ఆవిరి తక్కువ అవుతుందని అనుకుంటారు గానీ జరిగేది తలకిందులు. ఖాళీ జాగా ఎంత ఎక్కువ ఉంటే రోజూ ట్యాంకు పీల్చి వదిలే ఊపిరి అంత పెద్దదవుతుంది.

బొగ్గు డబ్బాను చంపే అలవాటు మాత్రం ఇంధనంతో సంబంధం లేకుండా అందరికీ ఉంది. బంకులో నాజిల్ దానంతటదే ఆగిపోతుంది. ‘రౌండ్ ఫిగర్ చెయ్యి భయ్యా’ అంటారు. ఊరికి వెళ్లే ముందు గొంతుదాకా పోయిస్తారు. ట్యాంకు పైన ఖాళీ జాగాను వదిలిపెట్టిందే ఆవిరి కోసం. అది నిండితే ద్రవ పెట్రోలే గొట్టం గుండా బొగ్గులోకి పోతుంది. ఆవిరిని పట్టే బొగ్గు ద్రవంలో తడిసి ముద్దయితే ఇక ఏదీ పట్టదు, ఆ తర్వాత నెలల తరబడి కారు వాసన కొడుతూనే ఉంటుంది. తెల్లవారి చల్లని వేళ గొంతుదాకా నింపి, ఎండలో మూడు గంటలు ధూలే వైపు నడిపితే ద్రవం కూడా వ్యాకోచిస్తుంది. రూపాయలు గుండ్రంగా రావాలనే ముచ్చటకు పోయేది డబ్బా.

ఇథనాల్ మీద ఇప్పుడు పెద్ద చర్చ నడుస్తోంది కాబట్టి దాని మాటా చెప్పుకోవాలి. దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022 నాటికి 10 శాతానికి, 2025 నాటికి 20 శాతానికి చేరింది. కొద్దిపాటి ఇథనాల్ కలిపితే పెట్రోలు ఆవిరి పీడనం పెరుగుతుంది. ఆ పెరుగుదల సుమారు 10 శాతం దగ్గర శిఖరానికి చేరి, ఆపైన నెమ్మదిగా దిగుతుంది. పాత కార్లలోని కొన్ని రకాల రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బుతుంది, దాని గుండా ఆవిరి కూడా ఎక్కువగా చెమరుస్తుంది. ఇవి నిజాలే. కానీ ప్రతి పాత కారు వాసననూ ఇథనాల్ ఖాతాలో వేయడం అన్యాయం. పదిహేను సూరత్ వేసవులు చూసిన రబ్బరు గొట్టం ఏ ఇంధనం పోసినా పగిలే దశలోనే ఉంటుంది. గొట్టాన్ని వేలితో వంచి చూస్తే ముసలి చర్మంలా గీతలు కనబడతాయి. ఇథనాల్ ఆ రోజును కొంచెం ముందుకు జరిపిందేమో గాని, గొట్టం మార్చకుండా వదిలేసింది ఇథనాల్ కాదు.

ఇదంతా ఒక కారు యజమాని తలనొప్పి అయితే ఇంతటితో సరిపెట్టుకోవచ్చు. కానీ పైన చెప్పిన ట్యాంకు లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళితే సంగతి వీధిలోకి వస్తుంది. బొగ్గు పనిచేయని కారులో, మూతకు రంధ్రం ఉన్న కారులో, ఆ 30 లీటర్ల జాగా ఒక్క ఎండ పూటలో బయటికి వదిలే పెట్రోలు ఆవిరి పది గ్రాములు దాటుతుంది. పది గ్రాములంటే రెండు చెంచాల పెట్రోలు, ఎవరికీ పట్టింపు ఉండదు. ఇప్పుడు దీన్ని పొగగొట్టంతో పోల్చాలి. బీఎస్-4 పెట్రోలు కారు పొగలో హైడ్రోకార్బన్లు కిలోమీటరుకు 0.1 గ్రాము మించకూడదు. అంటే ఇంటి ముందు ఊరికే నిలబడిన కారు ఒక్క పగటిలో, నిబంధన ప్రకారం నూరు కిలోమీటర్లు నడిచిన కారంత హైడ్రోకార్బన్లను గాలిలో కలిపింది. తాళం వేసి ఉంది, ఇంజన్ ఆపి ఉంది, పీయూసీ సర్టిఫికెట్ డాష్‌బోర్డులో భద్రంగా ఉంది.

ఈ ఆవిరి చేసే చెడు మూడు ఎత్తుల్లో ఉంటుంది. నేల దగ్గర అది నిప్పు. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 శాతం చేరితే అంటుకోగలదు. వాసన అంతకు చాలా ముందే తెలుస్తుంది కాబట్టి వాసన రాగానే పేలిపోతుందని భయపడనక్కర్లేదు. కానీ బరువైన ఆవిరి గాలి ఆడని పార్కింగ్‌లో పల్లానికి చేరుతుంది. డిండోలి అపార్ట్‌మెంట్లలోనే కాదు, హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా పార్కింగ్ పల్లంలో ఉండేది నీటి సంపు, దాని పక్కన మోటారు స్టార్టర్. స్విచ్ వేసినప్పుడల్లా అక్కడ ఒక నిప్పురవ్వ పుడుతుంది. ఇప్పుడు వాటికి తోడు నేలకు జానెడు ఎత్తున స్కూటర్ చార్జింగ్ ప్లగ్గులూ వస్తున్నాయి.

మనిషి ఎత్తులో అది బెంజీన్. పెట్రోలులో బెంజీన్ ఘనపరిమాణంలో 1 శాతం మించకూడదని మన ప్రమాణం. ఆ ఒక్క శాతాన్నీ తేలిగ్గా తీసుకోవడానికి లేదు. బెంజీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. గాలిలో దాని వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని 2009 నాటి జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ ప్రమాణం వీధి గాలి కోసం పెట్టింది. కారు ముక్కు ఇంటి గడప తాకేలా నిలిపే రో హౌస్‌లో వీధి గాలికీ ముందు గది గాలికీ మధ్య ఒక తలుపే అడ్డు. వేసవిలో ఆ తలుపు రాత్రంతా తెరిచే ఉంటుంది. పైగా ముక్కు కాసేపటికే వాసనకు అలవాటు పడిపోతుంది. ‘ఇప్పుడు రావడం లేదు’ అనే మాటను అందుకే నమ్మకూడదు. ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టం చెప్పే మాటకే విలువ ఎక్కువ.

ఊరి ఎత్తులో అది ఓజోన్. 1950ల మొదట్లో లాస్ ఏంజెలిస్‌ను కప్పిన పొగమంచు ఎక్కడిదో తేల్చింది ఏరీ హాగెన్-స్మిట్ అనే జీవరసాయన శాస్త్రవేత్త. అంతకు ముందు ఆయన పరిశోధించింది అనాసపండు పరిమళాన్ని. వాసనలను విడదీసే ఆ పనిముట్లతోనే ఊరి గాలిని విడదీసి చూశాడు. పెట్రోలు నుంచి వచ్చే హైడ్రోకార్బన్లు, వాహనాల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిస్తే ఓజోన్ పుడుతుందని చూపించాడు. ఆ తర్వాతే అక్కడ ఆవిరిని కూడా పొగతో సమానంగా లెక్కించడం మొదలైంది. 1970 మోడల్ కార్ల నుంచి కాలిఫోర్నియాలో, ఆ మరుసటి ఏడాది అమెరికా అంతటా ట్యాంకు ఆవిరిని పట్టే ఏర్పాటు తప్పనిసరి అయింది. బొగ్గు డబ్బా పుట్టుక అది. ఎండకు కొదవ లేని సూరత్‌కు ఈ రసాయనశాస్త్రం కొత్తగా నేర్పనక్కర్లేదు.

మన దేశమూ ఆవిరిని పట్టించుకోలేదని అనడం సరికాదు. కొత్త మోడల్ కారును మూసిన గదిలో ఉంచి, వేడెక్కిస్తూ, అది వదిలే ఆవిరిని తూచే పరీక్ష భారత్ స్టేజ్ ప్రమాణాల్లో ఉంది. పరీక్షకు 2 గ్రాములు మించకూడదు. పెట్రోలు బంకుల్లో నింపేటప్పుడు లేచే ఆవిరిని వెనక్కి లాగే ఏర్పాటు గురించి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. పుట్టినప్పుడు కారు ఆవిరిని తూచారు, బంకులో నాజిల్ ఆవిరిని చూస్తున్నారు. మధ్యలో పదిహేను ఇరవై ఏళ్ల పాటు ఇంటి ముందు నిలబడే కారును మాత్రం ఎవరూ చూడరు. పీయూసీ కేంద్రంలో పొగగొట్టంలో కడ్డీ పెట్టి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. కారు వెనక నిలబడితే కళ్లు మండేంత పెట్రోలు వాసన వస్తున్నా ఆ యంత్రం ‘పాస్’ అనే ముద్రిస్తుంది. అది యంత్రం తప్పు కాదు, దాన్ని అడిగిన ప్రశ్న అంతే.

డాష్‌బోర్డు మీది ఇంజన్ లైటు చెబుతుందిలే అనుకోవడానికీ లేదు. అమెరికాలో 1990ల మధ్య నుంచి వచ్చిన కార్లు ఒక మిల్లీమీటరు రంధ్రాన్ని, తర్వాతివి అర మిల్లీమీటరు రంధ్రాన్ని కూడా తమంతట తామే కనిపెట్టి లైటు వెలిగించాలి. మనం అనుసరించింది యూరప్ పద్ధతిని. అందులో పర్జ్ వాల్వుకు వెళ్లే తీగ తెగిందా లేదా అని చూడడం వరకే తప్పనిసరి. గొట్టం ఊడి వేలాడుతున్నా లైటు వెలగకపోవచ్చు.

మరి చేయదగిన పరీక్ష ఉందా? ఉంది, కొత్తదీ కాదు. కాలిఫోర్నియాలో 2007 డిసెంబరు నుంచి 1976-95 మధ్య తయారైన కార్లకు తనిఖీలోనే ట్యాంకు పీడన పరీక్ష చేర్చారు. ట్యాంకులోకి అతి తక్కువ ఒత్తిడితో నైట్రోజన్ పంపి, రెండు నిమిషాల్లో ఎంత పడిపోతుందో చూస్తారు. ఆ ఒత్తిడి 35 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానం, వాతావరణ పీడనంలో ముప్పయ్యో వంతు. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఇది చదివి టైర్లకు గాలి పట్టే కంప్రెసర్‌ను ట్యాంకుకు తగిలించే ఉత్సాహవంతులు ఉంటారు. ఆ గాలి ఒత్తిడి దీనికి కొన్ని వందల రెట్లు. ట్యాంకు ఉబ్బి పగలడం ఒక ప్రమాదమైతే, పెట్రోలు ఆవిరికి గాలి కలిపి మండే పాళ్లకు తేవడం అంతకన్నా పెద్దది. నైట్రోజన్ వాడేది అందుకే. మూత ఒక్కదాన్నే తీసి పరీక్షించే చిన్న పరికరమైతే అమెరికా తనిఖీ కేంద్రాల్లో చాలాచోట్ల మామూలు వస్తువు, పని ఒక నిమిషం.

సూరత్‌లో ఈ ప్రశ్న ఇప్పుడే అడగడానికి ఒక కారణం ఉంది. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 అమల్లోకి వచ్చిన 13 నగరాల్లో సూరత్ ఒకటి, హైదరాబాదు మరొకటి. ఆ నగరాల్లో మారుతి 800 అమ్మకాన్ని కంపెనీ అప్పుడే ఆపేసింది. అంటే ఈ ఊళ్లలో కొత్తగా అమ్ముడైన చివరి మారుతి 800కు కూడా 2025తో పదిహేనేళ్లు నిండాయి. ఆ కాలపు జెన్లు, శాంత్రోలు, తొలి ఆల్టోలు అదే వరసలో ఉన్నాయి. పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఫిట్‌నెస్ తనిఖీకి రావాలి. 2022 ఏప్రిల్ నుంచి అందుకు రుసుము 5,000 రూపాయలు. అంత రుసుము తీసుకుని, కారును ఎలాగూ ముందు నిలబెట్టుకుని, మూతకు ఒక నిమిషం, ట్యాంకుకు రెండు నిమిషాలు కేటాయించడం భారమని చెప్పడం కష్టం.

అసలు అభ్యంతరం వేరే ఉంది. ఇలాంటి ప్రతి పరీక్షా చివరికి పేదవాడి కారునే ఆపుతుంది, ఉన్నవాడు ఎప్పుడో కొత్తది కొన్నాడు. ఈ మాటలో న్యాయం ఉంది. మగ్గం మీద బతికే కుటుంబానికి ఆ కారు విలాసం కాదు. అయితే ఈ లోపాల్లో చాలావాటికి కారు మార్చనక్కర్లేదు. మూత రబ్బరు, జానెడు గొట్టం, పంపు కింది రింగు, ఎక్కువలో ఎక్కువ వాల్వో డబ్బానో మారిస్తే పోతాయి. కాబట్టి పరీక్షలో తప్పిన కారును తుక్కుకు పంపకుండా, ఏ భాగం దగ్గర లీకో కాగితం మీద రాసి, బాగు చేయించుకుని రావడానికి గడువు ఇవ్వాలి. ఇప్పుడు ఆ కాగితం లేకపోవడం వల్లే యజమాని ఒకసారి పంపు, ఒకసారి ఇంజెక్టర్లు, మరోసారి ఇంకేదో మార్పిస్తూ పరీక్ష ఖర్చుకు ఎన్నో రెట్లు షెడ్లలో పోసి వస్తున్నాడు. రోగం ఏమిటో తెలియకుండా మందులు కొనే బాధ కూడా పేదవాడిదే.

షెడ్డు వైపు నుంచి కూడా పని ఉంది. పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో మోటారు మెకానిక్ కోర్సు చదివే కుర్రాళ్ల చేతికి స్కానర్ ఇస్తున్నారు, మంచిదే. కానీ మన కార్లలో ఆవిరి లీకు స్కానర్‌కు కనిపించదు. దానికి కావాల్సింది పొగ యంత్రం. హాని లేని పలుచని పొగను తక్కువ ఒత్తిడితో ట్యాంకు గొట్టాల్లోకి పంపితే, పగులు ఉన్నచోట సన్నని దారంలా బయటికి వస్తుంది. ఉధ్నా, డిండోలి ప్రాంతపు షెడ్లన్నీ ఒక్కొక్కటి కొనుక్కోలేకపోవచ్చు. పది షెడ్లు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు.

అప్పటిదాకా యజమాని చేయగలిగినవి కొన్నే. నాజిల్ ఆగినచోటే ఆగడం. మూతను టక్కుమని చప్పుడు వచ్చేదాకా తిప్పడం, దాని రబ్బరు పగిలితే రంధ్రం లేని సరైన మూతనే కొనడం. వాసన ఎప్పుడు వస్తోందో ఒక వారం రాసిపెట్టుకుని ఆ చీటీని మెకానిక్‌కు చూపించడం: ట్యాంకు ఎంత ఉంది, ఎండలో ఉందా నీడలో ఉందా, ఇంజన్ వేడిగా ఉందా, మూత దగ్గర కాగితం ఎటు ఎగిరింది. ‘వాసన వస్తోంది’ అనే మాటతో షెడ్డుకు వెళ్లిన కారుకూ ఆ చీటీతో వెళ్లిన కారుకూ జరిగే వైద్యం ఒకటి కాదు.